అరచేతి యంత్రము – కొల్లేటి విహారము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామములో దీపమారకుండ నిలిచిన గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగుచున్న వేళ, పుస్తకమును విడిచి ఒక యంత్రమును గూర్చి ముచ్చటించుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని గ్రంథాలయమనగా పుస్తకములుంచు బీరువా మాత్రమే కాదని ఆంధ్రదేశములో గ్రంథాలయోద్యమమును నడిపిన పెద్దలు తమ పనిచేతనే చూపిరి. పాతూరి నాగభూషణముగారు 1935లో పుస్తకములను పడవకెక్కించి, కృష్ణా కాలువ వెంట ఊరూరికి పంపిరి. చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే చదువరి యొద్దకు పోవలెనన్నది ఆ పనిలోని భావము.

ఆ పుస్తకముల పడవకు దారి తప్పు భయము లేదు. కాలువయే దారి; కాలువ గట్టే గుర్తు. కాని ఈ ఉండికి పడమటనున్న కొల్లేటి సంగతి వేరు. అచ్చట నీరే నేల, నీరే దారి. గుర్రపుడెక్క ఒకనాడు మూసిన దారి మరునాడు గాలికి తెరచుకొనును. తెరచియున్న దారి మూసుకొనును. కిక్కిస పొదలన్నియు ఒక్కతీరుగనే యుండును. చేపల చెరువుల గట్లు ఎక్కినవానికి ఏ గట్టు ఏ ఊరికి పోవునో, ఏది నీటి నడుమ ఆగిపోవునో తెలియదు. శీతకాలపు ఉదయమున మంచు క్రమ్మినచో పది బారల దూరముననున్న దోనెయు కానరాదు.

అట్టి కొల్లేటికి విహారమునకు పోవువారు అనేకులు. ఫాల్గుణ మాసములో కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతరకు పోవు భక్తులు కొందరు. కైకలూరు చెంతనున్న ఆటపాకలో గూడబాతులను, వలస వచ్చు పక్షులను చూడబోవువారు కొందరు. సెలవు దినమున మోటారు సైకిళ్ళపై గట్లవెంట తిరుగు యువకులు కొందరు. వీరిలో పెక్కుమంది చేతిలో దారి చూపు యంత్రము నేడున్నది. దానిని జి.పి.యస్. అందురు, అనగా భూగోళముపై స్థానమును నిర్ణయించు వ్యవస్థ. కొందరి యొద్ద అది ప్రత్యేకముగా విహారముకొరకే చేయబడిన చేతి యంత్రము. తక్కినవారికి టెలిఫోనులోనే ఇమిడియున్నది. ఆ యంత్రము ఏమి చెప్పును, ఏమి చెప్పలేదు అను వివేకము కొల్లేటికి పోవువానికి ప్రాణావసరము. ఆ వివేకమే ఈ ప్రసంగమునకు విషయము.

పూర్వము కొల్లేటి పల్లెకారులు దిక్కునెట్లు తెలిసికొనెడివారు? పగలు సూర్యుని బట్టియు, రాత్రి ధ్రువనక్షత్రమును బట్టియు, నీరు ఉప్పుటేరు వైపు లాగు తీరును బట్టియు, దూరపు తాటితోపును బట్టియు తెలిసికొనెడివారు. ఈ యంత్రమును నక్షత్రములను చూచియే దారి చెప్పును. ఆ నక్షత్రములు మాత్రము మానవుడు నిర్మించినవి.

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, ఆరు కక్ష్యలలో, కనీసము 24 ఉపగ్రహములు తిరుగునట్లు అమెరికా దేశమువారు ఈ వ్యవస్థను ఏర్పరచిరి. ప్రతి ఉపగ్రహమును ఒకే మాటను అవిరామముగా చాటుచుండును: “ఇప్పుడు సమయమింత, నేనున్న చోటు ఇది.” ఆ మాట రేడియో తరంగముగా సెకనుకు సుమారు మూడులక్షల కిలోమీటర్ల వేగముతో వచ్చును. ఎంత ఆలస్యముగా వచ్చినదో లెక్కించి, ఆ ఉపగ్రహము ఎంత దూరముననున్నదో చేతిలోని యంత్రము కనుగొనును. మెరుపు చూచిన పిదప ఉరుము వినవచ్చు వరకు లెక్కపెట్టి, పిడుగు ఎంత దూరమున పడినదో ఊహించు రైతునకు ఈ లెక్క కొత్త కాదు.

ఒక్క దూరము తెలిసినంత మాత్రమున స్థానము తెలియదు. భీమవరమునకు ఇంత దూరమున ఉన్నానని ఒకడు చెప్పినచో, అతడు ఆ పట్టణము చుట్టు ఏ దిక్కుననైన ఉండవచ్చును. ఆకివీడునకు ఇంత దూరమనియు చెప్పినచో రెండు చోట్లు మాత్రము మిగులును. గణపవరపు దూరముకూడ చెప్పినచో అతడున్న చోటు తేలిపోవును. ఆకాశమునందలి లెక్కయు ఇట్టిదే. అయితే నాలుగవ ఉపగ్రహముకూడ కావలెను. ఉపగ్రహములలోని అణు గడియారములు మిక్కిలి నిక్కచ్చియైనవి. చేతిలోని యంత్రపు గడియారము సామాన్యమైనది. సెకనులో పదిలక్షలవ వంతు తప్పినచో దూరములో 300 మీటర్లు తప్పును. ఆ గడియారపు తప్పును దిద్దుటకే నాలుగవ సాక్షి.

ఈ వ్యవస్థలో మొదటి ఉపగ్రహము 1978లో ఎగిరినది. అది సైన్యము కొరకు పుట్టినది. 1983 సెప్టెంబరులో కొరియా దేశపు ప్రయాణికుల విమానమొకటి దారి తప్పి సోవియట్ గగనతలమున ప్రవేశింపగా, దానిని కూల్చివేసిరి. 269 మంది మరణించిరి. అటుపిమ్మట ఈ వ్యవస్థను సామాన్య జనులకును ఇత్తుమని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించెను. ఇచ్చిరిగాని, బుద్ధిపూర్వకముగా కొంత తప్పు కలిపి ఇచ్చిరి. సామాన్యుని యంత్రము సుమారు వంద మీటర్ల వరకు తప్పుచుండెను. 2000 సంవత్సరము మే నెల ఆరంభమున ఆ తప్పును తొలగించిరి. ఒకటి రెండు దినములలోనే ఆ దేశమందలి ఆరిగన్ రాష్ట్రములో ఒక ఔత్సాహికుడు ఒక బకెట్టును అడవిలో దాచి, దాని అక్షాంశ రేఖాంశములను లోకమునకు ప్రకటించెను. అన్యులు వెదకి పట్టుకొనిరి. ఈ దాగుడుమూతల ఆటయే పిమ్మట దేశదేశములకు వ్యాపించినది. సైనికుని సాధనము పిల్లల వేడుక అయినది.

భారతదేశముకూడ వెనుకబడి యుండలేదు. 2013 జూలై 1వ తేదీన స్వదేశ స్థాననిర్ణయ వ్యవస్థలోని తొలి ఉపగ్రహము శ్రీహరికోటనుండి బయలుదేరినది. ఆ వ్యవస్థకు 2016లో నావిక్ అని పేరిడిరి. 2023 మే 29న స్వదేశములో నిర్మించిన అణు గడియారముతో మరియొక ఉపగ్రహము అచ్చటినుండియే ఎగిరినది. తెలుగు తీరమునుండి లేచిన చుక్కలు తెలుగువాని దోనెకు దిక్కు చూపుట సంతోషింపదగిన సంగతి.

ఒక్క పోలికతో ఈ చరిత్రను ముగింపవచ్చును. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో ఒక సరళరేఖను కొలిచి, భారతదేశపు మహా త్రికోణమితి సర్వేకు పునాది వేసెను. ఆతడు వాడిన కోణమాపక యంత్రము బరువు సుమారు అరటన్ను. దానిని మోయుటకు కూలీల దండు కావలసి వచ్చినది. ఆ కష్టమునకు ఫలమైన అక్షాంశ రేఖాంశములు నేడు అరచేతిలో నిమిషములో తెలియుచున్నవి. చేతి శ్రమ తగ్గినది. బుద్ధి శ్రమ మాత్రము తగ్గలేదు.

ఇక ఉపయోగించు విధానము. యంత్రమును ఇంటి చూరుక్రింద గాక ఆరుబయట, ఆకాశము విశాలముగ కనబడు చోట పట్టుకొనవలెను. చాల దినములు వాడని యంత్రము ఉపగ్రహములను గుర్తించుటకు కొన్ని నిమిషములు పట్టును. అంతలో నడక సాగింపక ఓపిక పట్టవలెను. ఆరుబయట మంచి యంత్రము చెప్పు స్థానము సాధారణముగా నాలుగైదు మీటర్లలోపు నిజము. దట్టమైన చెట్లక్రిందను, ఎత్తైన గోడల ప్రక్కను తప్పు పెరుగును.

దోనె ఎక్కుటకు ముందే ఆ రేవును యంత్రములో గుర్తుగా నమోదు చేయవలెను. ఇది అన్నిటికంటె ముఖ్యమైన పని. జనులు మరచునదియు ఇదియే. పిదప పోయిన జాడను యంత్రము తనంతట తానే వ్రాసికొనునట్లు ఏర్పాటు చేయవలెను. మంచు క్రమ్మినను, ప్రొద్దు గ్రుంకినను ఆ జాడనే పట్టుకొని వెనుకకు రావచ్చును. బాణపు గుర్తు చూపు దిక్కును నమ్మి నేరుగా పోరాదు. యంత్రము చూపు దూరము దారము లాగినట్లు నేరుగా కొలిచిన దూరము. నడుమనున్న చెరువు దానికి అక్కరలేదు. చుట్టు తిరుగు గట్టు దానికి తెలియదు. కొల్లేటికోట రెండు కిలోమీటర్లని యంత్రము చూపినపుడు నిజముగా పోవలసిన దారి అంతకు ఎన్ని రెట్లో పడవవానినే అడుగవలెను.

అంకెలు వ్రాసికొనుటలో ఒక మెలకువ కావలెను. ఉండి గ్రామము సుమారు 16 డిగ్రీల 36 నిమిషముల ఉత్తర అక్షాంశమున, 81 డిగ్రీల 28 నిమిషముల తూర్పు రేఖాంశమున ఉన్నది. డిగ్రీకి 60 నిమిషములు గనుక 16 డిగ్రీల 36 నిమిషములను దశాంశములో వ్రాసినచో 16.6 అగును. తొందరపాటున 16.36 అని వ్రాసినవాడు, లేక టెలిఫోనులో చెప్పినవాడు, వెదకవచ్చువారిని 26 కిలోమీటర్లకు పైగా దక్షిణమునకు, సముద్రతీరము వైపునకు పంపినవాడగును. ఆపదలో 112 సంఖ్యకు పిలిచి చోటు చెప్పునపుడు ఇట్టి పొరపాటు ప్రాణములమీదికి తెచ్చును. డిగ్రీలో, నిమిషములో, దశాంశమో స్పష్టముగ పలుకవలెను. ఆ అంకెలను కాగితముపై వ్రాసి జేబులో నుంచుకొనవలెను. యంత్రము నీటిలో పడవచ్చును; సెల్లులు అయిపోవచ్చును. నీరు తగులని సంచిలో మరియొక జత సెల్లులుంచుట విహారికి అన్నము మూట వంటిదే.

ప్రత్యేక యంత్రము కొనలేనివారు చింతింపనక్కరలేదు. టెలిఫోనులోని స్థానసూచక భాగము టవరు అందని చోటను పనిచేయును. ఎందుకనగా అది వినునది ఉపగ్రహముల మాట. అందనిది పటము మాత్రమే. కావున బయలుదేరుటకు ముందే ఇంటియొద్ద పటమును టెలిఫోనులోనికి దించుకొనవలెను. పటము విషయములో మరియొక జాగ్రత్త. భారత సర్వే శాఖవారి పాత పటములు ఎవరెస్టు గోళమును ఆధారముగ గైకొన్నవి; నేటి యంత్రములు 1984 నాటి ప్రపంచ ప్రమాణమును అనుసరించును. రెంటికిని పొత్తు కలుపకుండ వాడినచో వంద మీటర్లకు మించిన తేడా రావచ్చును. 2005 నాటి జాతీయ పటవిధానము పిమ్మట వెలువడిన ఓపెన్ సిరీస్ పటములలో ఈ చిక్కు లేదు.

ఇప్పుడు యంత్రము చెప్పలేని సంగతి. ఈ ప్రాంతమువారు అందరికంటె శ్రద్ధగ వినవలసిన భాగమిది.

కొల్లేటి చుట్టు కంటికి కనబడని గీత ఒకటి కలదు. 1999లో ప్రభుత్వము అయిదవ కాంటూరు వరకు, అనగా సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తు వరకుగల భూమిని, సుమారు 308 చదరపు కిలోమీటర్లను, వన్యప్రాణి రక్షణ కేంద్రముగ ప్రకటించినది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల జాబితాలో చేరినది. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వము త్రవ్వించివేసినది. గీతకు లోపలివానికి ఒక బ్రతుకు, వెలుపలివానికి ఒక బ్రతుకు అయినది. అయిదవ కాంటూరును మూడవ కాంటూరునకు తగ్గింపవలెనను కోరికయు, తగ్గింపరాదను వాదమును అప్పటినుండి వినవచ్చుచునే యున్నవి.

ఈ వివాదములో ఎవడైనను తన చేతి యంత్రమును చూపి, “ఇదిగో, నా చెరువు అయిదడుగులకు పైననున్నది” అన్నచో ఆ మాట చెల్లదు. ఎదుటివాని చెరువు క్రిందనున్నదని అదే యంత్రముతో నిందించిన మాటయు చెల్లదు. యంత్రము అడ్డము నిడివి చెప్పుటలో ఎంత నేర్పరియో ఎత్తు చెప్పుటలో అంత నేర్పరి కాదు. ఉపగ్రహములన్నియు నెత్తిమీదనే యుండును. పాదముల క్రిందినుండి సాక్ష్యమిచ్చునది ఒకటియు లేదు. కావున ఎత్తులో తప్పు అనేక మీటర్ల వరకు పోవచ్చును. అయిదడుగులనగా మీటరున్నర మాత్రమే. అయిదవ కాంటూరునకును మూడవ కాంటూరునకును నడుమ నిలువు తేడా రెండడుగులే. బస్తాలు తూచు కాటాతో బంగారము తూచుట ఎట్టిదో, ఈ యంత్రముతో కాంటూరు నిర్ణయించుట అట్టిది.

వేరొక కారణమును కలదు. యంత్రము మొదట లెక్కించునది గణితముచే కల్పించిన నునుపైన భూగోళముపై ఎత్తు, సముద్రమట్టము వేరు. భూమి ఆకర్షణ అంతట ఒక్కరీతిగ లేనందున సముద్రమట్టము ఆ గోళమునకు ఎగుడు దిగుడుగ నుండును. భారతదేశమునకు దక్షిణముననున్న సముద్రములో అది వంద మీటర్లకు పైగా దిగువనున్నది. యంత్రములు ఈ భేదమును ఒక పట్టిక ననుసరించి దిద్దుకొనును. ఆ దిద్దుబాటులోను కొంత తప్పు మిగులును.

ఎత్తు తెలియవలెనన్నచో సర్వేవారి స్థిరమట్టపు గుర్తునుండి లెవెలు యంత్రముతో అడుగడుగున కొలుచుకొని రావలెను. 1847 మొదలు 1852 వరకు సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము ఆనకట్టను కట్టించిన నాటినుండి ఈ డెల్టాలో కాలువ నీరు పారుచున్నది ఆ విధముగ కొలిచిన మట్టములచేతనే. ఇంత చదునైన నేలలో అంగుళముల వాలును కనిపెట్టి నీటిని పొలమునకు నడిపిన విద్య అది. కొత్త యంత్రము వచ్చినదని ఆ పాత విద్యను మూలకు నెట్టరాదు. అధికారులు సరిహద్దును సక్రమముగ కొలిచి, దాని అక్షాంశ రేఖాంశములను పటముపై ప్రకటించినచో, అప్పుడు మాత్రము సామాన్యుడు చేతి యంత్రముతో తాను ఆ గీతకు లోపలనున్నాడో వెలుపలనున్నాడో కొద్ది మీటర్ల తేడాతో తెలిసికొనగలడు.

యంత్రమునకు నీటి లోతును తెలియదు, బురదయు తెలియదు, తుపాను ముంగిట గాలి ఎటు తిరుగునో తెలియదు. అవి గెడ పట్టిన చేతికి తెలియును. కావున యంత్రము కొన్నవాడు పడవవానిని మానరాదు. ఆటపాకలో అనుమతించిన పడవలనే ఎక్కవలెను. గూడబాతులు గూళ్ళు కట్టుకొను చోట్లకు చేరువగ పోరాదు. ఆ గూళ్ళున్న చోటును అంకెలతోసహా నలుగురికి చాటరాదు. వేడుకకొరకు వ్రాసిన అంకె వేటగానికి దారి యగును. ఉపగ్రహముల మాటను వినుటకు మాత్రమే పనికివచ్చు యంత్రమునకును, ఉపగ్రహము ద్వారా మాట పంపు టెలిఫోనునకును భేదముకూడ ఎరుగవలెను. రెండవదానికి ఈ దేశములో ప్రభుత్వానుమతి కావలెను. విదేశములనుండి వచ్చు బంధువులు దానిని వెంట తెచ్చునపుడు ఈ సంగతి వారికి ముందే చెప్పుట మేలు.

ఇక గ్రంథాలయమునకును ఈ యంత్రమునకును సంబంధమేమి? గ్రంథాలయము ఒక చేతి యంత్రమును, ఈ ప్రాంతపు సర్వే పటములను, ఒక ఖాళీ పుస్తకమును సంపాదింపవలెను. ఆదివారమున బాలబాలికలు పెద్దల వెంట బయలుదేరి గుడి, చెరువు, కాలువ తూము, రైలు స్టేషను, ఒక్కొక్కదానియొద్ద నిలిచి అంకెలు వ్రాసికొని, తిరిగివచ్చి పటముపై సరిచూచుకొనవలెను. అక్షాంశమన్న మాటను బడిలో కంఠస్థము చేసిన పిల్లవాడు దానిపై తాను నిలిచియున్నట్లు ఆనాడు గ్రహించును. ఇంతకంటె చవకైన వినోదము లేదు. ఇంతకంటె మంచి పాఠమును లేదు.

అంతకు మించిన పని మరియొకటి కలదు. కొల్లేటి లంకలకు, పాయలకు, పాత రేవులకు, మేత బీళ్ళకు పేర్లున్నవి. వానిలో పెక్కు ఏ పటములోను అచ్చుకాలేదు. వృద్ధుల నాలుకపైననే యున్నవి. దోనెలు తగ్గి, గట్లు పెరిగి, పాయలు పూడిన కొలది ఆ పేర్లు వినబడుట మానుచున్నవి. పేరు తెలిసిన వృద్ధుడు ఒకడు, యంత్రము పట్టిన బాలుడొకడు, ఇద్దరును ఒక దోనెలో కూర్చుండవలెను. తాత పేరు చెప్పవలెను. మనుమడు అంకె వ్రాయవలెను. ఆ రెంటిని ప్రక్కప్రక్కన చేర్చిన పుస్తకము ఈ గ్రంథాలయపు బీరువాలో నుండవలెను. యంత్రము పదేండ్లకు పాతబడును. ఆ అంకెలు పాతబడవు; వ్రాసి పెట్టిన పేర్లు చెడవు.

అంకె చోటును చూపును. పేరు ఆ చోట జీవించినవారిని చూపును. రెండును తెలిసినవాడే ఊరెరిగినవాడు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి అట్టి పుస్తకమొకటి పాఠకుల చేతులలో నలిగి, అట్ట మార్చవలసిన స్థితికి వచ్చుగాక యని కోరుట ఈ శుభసమయమున సముచితము.

స్వస్తి.